మోచే కుండల మీది ముఖాలు

పెరూ ఉత్తర తీరంలో సుమారు క్రీ.శ. 100–800 మధ్య బతికిన మోచేలకి లిపి లేదు. చెప్పాల్సిందంతా కుండల మీదే చెప్పారు. వాటిలో మనిషి తల ఆకారంలో చేసినవి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఊహించి చేసినవి కావవి, ఫలానా మనుషుల ముఖాలు. పెదవి మీద గాటున్న ఒకాయన్ని క్రిస్టఫర్ డోనన్ అనే పరిశోధకుడు చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా వేర్వేరు కుండల మీద గుర్తుపట్టాడు.

ఎవరో గొప్పవాళ్ళు, అందుకే చేయించుకున్నారు అనుకుంటాం. కానీ తలపాగాతో దర్జాగా ఉన్న ముఖాల్లో కొన్ని ఇంకో కుండ మీద మెడకి తాడుతో, ఒంటి మీద గుడ్డ లేకుండా కనిపిస్తాయి. బందీలు! ఇలాంటి బందీల గొంతు కోసి, నెత్తురు పాత్రలో పట్టి దొరకి అందించే దృశ్యం మరికొన్ని కుండల మీద గీసి ఉంది.

చాలాకాలం దాన్ని పురాణకథగానే చూశారు చాలామంది. 1987లో సిపాన్‌లో వాల్టర్ ఆల్వా బృందం తవ్విన సమాధిలో అచ్చం ఆ దొర నగలూ వేషంతోనే ఒక మనిషి దొరికాడు. ఇక ఈ కుండలు ఉత్త అలంకారమంటే నాకు మింగుడుపడదు.

1995లో మొదలైన తవ్వకాల్లో, వాకా దె లా లూనా గుడి ఆవరణలో 70 మందికి పైగా మగవాళ్ళ ఎముకలు బయటపడ్డాయి. మెడ ఎముకల మీద కత్తిగాట్లు. వాళ్ళ మధ్యే, మెడకి తాడున్న మట్టి విగ్రహాలు. వాటినీ కావాలనే పగలగొట్టారు.