సీటు వచ్చాక

మన పిల్లలకు కాలేజీ సీటు రిజర్వేషన్ ఇస్తుంది. ఆ సీటులో నిలబడాలంటే హైస్కూలు చదువు గట్టిగా ఉండాలి. 1971లో సర్వేలులో, మరుసటి ఏడు తాడికొండలో, మన సీమలోని కొడిగెనహళ్లిలో గురుకులాలు తెరిచారు. పరీక్ష పెట్టి పల్లె పిల్లల్ని చేర్చుకున్నారు. అయ్యవార్లూ అక్కడే కాపురం ఉండేవారు. పగలు అర్థంకాని లెక్క రాత్రి చదువు వేళకు తేలిపోయేది. అసలు బలం అదే, భవనాలు కాదు. గిరిజన ఆశ్రమ పాఠశాలలు ముందుగా అన్నం, పడక చూశాయి. అదీ తక్కువేం కాదు, ఆకలితో బడి మానేవాళ్లు ఆగారు. గిరిజన గురుకులాలకు వేరే సొసైటీ మాత్రం 1999లో గానీ రాలేదు. గోస్పాడు నుంచి నంద్యాల కాలేజీ బస్సు దూరమే. అక్కడ ఎంపీసీలో చేరిన మన పిల్లలు తడబడేది ఎనిమిదో తరగతి బీజగణితం దగ్గరేనని టీచర్లం మేము చూస్తూనే ఉన్నాం. ఇంటర్‌లో దాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.