చెవి చేసే చప్పుడు

2016లో మెల్‌బోర్న్‌కి చెందిన నూరా అనే చిన్న కంపెనీ కిక్‌స్టార్టర్‌లో ఒక హెడ్‌ఫోన్‌ని ప్రకటించింది. పెట్టుకున్న మనిషికి ఏ స్వరం ఎంత బాగా వినిపిస్తుందో ముందు తానే కొలుచుకుని, పాటని ఆ చెవికి తగ్గట్టు సర్ది వినిపిస్తుందట. కొలిచే పద్ధతి విచిత్రమైనది. “వినబడిందా? బటన్ నొక్కండి” అని అడగదు. చెవిలోకి కొన్ని స్వరాలు పంపి, చెవి తిరిగి ఏం పలుకుతుందో సున్నితమైన మైకుతో వింటుంది.

అవును, చెవి తిరిగి పలుకుతుంది. ఈ సంగతి రుజువు కావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. నాకు హెడ్‌ఫోన్‌ కన్నా ఆ ముప్ఫై ఏళ్ళ కథే ఎక్కువ ఇష్టం.

థామస్ గోల్డ్ వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయుడని అతన్ని నిర్బంధించి, ఆ తర్వాత రాడార్ పనిలో పెట్టుకుంది. యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జ్‌లో చెవి మీద పడ్డాడు. నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా నిండా ద్రవమే. ద్రవంలో ఏ కంపనమైనా ఇట్టే చల్లారిపోవాలి కదా. మరి దగ్గరదగ్గరి స్వరాలని చెవి అంత పదునుగా ఎలా విడదీస్తోంది? రేడియో తెలిసినవాడు కాబట్టి జవాబు అక్కణ్ణుంచే తెచ్చాడు. పాత రేడియోల్లో బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి బలం పెంచేవారు. చెవిలోనూ అలాంటి ఏర్పాటేదో ఉండాలన్నాడు, 1948లో. సభల్లో మైకు స్పీకరుకి మరీ దగ్గరైతే ‘కీ’మంటుంది చూడండి, ఆ లెక్కన చెవి కూడా అప్పుడప్పుడూ కూత పెట్టాలి. చెవిలో మైకు పెట్టి మరీ వెతికాడు. ఆనాటి పరికరాలకి దొరకలేదు.

పైగా అవతల ఉన్నవాడు బేకేషి. శవాల చెవులు తెరిచి, కాక్లియాలో అల కదలడం మైక్రోస్కోపులో కళ్ళారా చూసినవాడు. ఆ అలలో గోల్డ్ చెప్పిన పదును లేదు. 1961లో బేకేషికి నోబెల్ వచ్చింది. గోల్డ్ ఖగోళశాస్త్రానికి వెళ్ళిపోయాడు. బేకేషి చూసింది అబద్ధమేం కాదు. కాకపోతే ఆయన చూసింది చచ్చిన చెవిని.

1977లో లండన్‌లో డేవిడ్ కెంప్ బతికున్న మనిషి చెవిలోకి ‘టిక్’మని చిన్న చప్పుడు పంపి, మైకు పెట్టి విన్నాడు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత లోపల్నుంచి ప్రతిధ్వని వచ్చింది. గోడకి తగిలి వచ్చేదైతే అంత ఆలస్యం కాదు. వినికిడి బాగా దెబ్బతిన్న చెవుల్లో అది రానేలేదు. మరుసటేడు ప్రచురించాడు. 1985లో విలియం బ్రౌనెల్, కాక్లియాలోని బయటి వరస రోమకణాలు విద్యుత్తుకి సాగి, కుంచించుకుంటాయని చూపించాడు. గోల్డ్ ఊహించిన యాంప్లిఫయర్ అదే. ఒక్కో చెవిలో సుమారు 12,000 కణాలు.

దీని అసలు ఉపయోగం పాటల్లో లేదు, పురిటిగదిలో ఉంది. మా చెల్లెలి మనవరాలికి రెండో రోజున ఈ పరీక్ష చేస్తుంటే పక్కనే ఉన్నాను. నిద్రపోతున్న పిల్ల చెవిలో మెత్తటి బిరడా లాంటిది పెట్టి, క్షణాల్లో తీసేశారు. “అదేమీ చెప్పందే దానికి వినబడిందని మీకెలా తెలిసిందమ్మా?” అని మా చెల్లెలు నర్సునే అడిగేసింది. పూర్వం ఈ అనుమానం తీరాలంటే పిల్లకి మాటలొచ్చే వయసు దాకా ఆగాల్సి వచ్చేది. చాలామంది పిల్లలకి అప్పటికే ఆలస్యమైపోయేది.

నూరాని 2023లో మాసిమో కొనేసింది. ఆ పద్ధతితో డెనాన్ పేరు మీద ఇయర్‌బడ్స్ వచ్చాయి. పాత నూరా ఒకటి మిత్రుడి దగ్గరుంటే పెట్టుకు చూశాను. వీణ తీగ మీటాక చివర్లో మిగిలే సన్నటి నాదం తేటగా వినిపించింది. నా చెవి మహిమో, దాని మహిమో చెప్పలేను గానీ, ఒకటి మాత్రం స్పష్టం. ప్రతిధ్వని తగ్గినచోట అలాంటి హెడ్‌ఫోన్‌ ధ్వనిని పెంచగలదు. గోల్డ్‌ని అంతగా ఆశ్చర్యపరిచిన ఆ పదును మాత్రం అది తిరిగి ఇవ్వలేదు. పెద్ద చప్పుళ్ళకి మొదట దెబ్బతినేవి ఆ బయటి కణాలే. మనుషుల్లో అవి మళ్ళీ మొలవవు.