దత్త మండలం: ఒక పటాలం జీతానికి పెట్టిన పేరు

పేపర్లో సినిమా వసూళ్ల వార్త చదువుతూ మా మనవడు "తాతా, సీడెడ్ అంటే ఏ ఊరు?" అని అడిగాడు. నైజాం, ఆంధ్ర, సీడెడ్ అని సినిమా వాళ్లు ఇప్పటికీ లెక్కలు వేస్తారు కదా. "మనమేరా" అన్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ సీడెడ్‌లోనివే. ఆ మాటకు అర్థం ఇచ్చేసిన జిల్లాలు అని. పెద్దలు దానినే దత్త మండలం అన్నారు. ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారన్నది పద్దులతోనే సర్వీసు గడిపిన మనకు బాగా అర్థమయ్యే కథ.

1798 సెప్టెంబరు 1న హైదరాబాదు నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ ఒడంబడిక జరిగింది. అప్పటిదాకా నిజాం దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన పటాలాలు ఉండేవి. వాటిని రద్దుచేయించి, కంపెనీ తన సిపాయిలను ఆరు బెటాలియన్లు హైదరాబాదులో నిలిపింది. ఏటా ఖర్చు 24,17,100 రూపాయలు నిజాందే. ఆ దళానికి పెట్టిన పేరు సబ్సిడియరీ ఫోర్స్. మనకు సబ్సిడీ అంటే కిలో రెండు రూపాయల బియ్యం గుర్తుకొస్తుంది. అక్కడ సబ్సిడీ అంటే సైన్యం పోషణకు ఒక ప్రభువు మరొకరికి కట్టే సొమ్ము. సైన్య సహకార పద్ధతి అని బడిలో వల్లె వేసింది దీని గురించే.

పేరులో హైదరాబాదు ఉన్నా సిపాయిలు మద్రాసు సైన్యం వాళ్లు, అధికారులు కంపెనీ వాళ్లు. నిజాం వంతు డబ్బు కట్టడం. 1803లో మరాఠాలతో యుద్ధం వచ్చినప్పుడు ఈ దళాన్ని నడిపించినది కర్నల్ స్టీవెన్సన్.

టిప్పు సుల్తాన్ 1799 మే 4న శ్రీరంగపట్నంలో మరణించాక మైసూరు రాజ్యాన్ని పంచుకున్నారు. 1792లో వచ్చిన వాటా, 1799లో వచ్చిన వాటా రెండూ నిజాం చేతిలో ఎంతోకాలం నిలవలేదు. 1800 అక్టోబరు 12న మరో ఒడంబడిక. దళాన్ని ఎనిమిది బెటాలియన్ల కాల్బలానికి, రెండు రెజిమెంట్ల గుర్రపు దళానికి పెంచారు. ఏటేటా నగదు కట్టే పని లేకుండా ఆ రెండు వాటాలనూ నిజాం కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చేశాడు. అలా పటాలం జీతం కింద జమ అయిన సీమ మనది! ఇచ్చేముందు రైతును అడిగిన వారెవరూ లేరు.

వసూలుకు వచ్చిన ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో, మొదట అనంతపురంలో మకాం పెట్టాడు. ఎనభై మంది పాళెగాళ్లను సైన్యం సాయంతో అణచి, పొలం పొలం కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కట్టించాడు. 1807లో వెళ్లిపోతూ ఆ శిస్తు ఎక్కువైందనీ, నాలుగో వంతు తగ్గించాలనీ రాసింది కూడా ఆయనే. అప్పుడు పైవారు తగ్గించలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గాని అది అమలు కాలేదు. డి.ఏ. బకాయిల కోసం ఎదురుచూసిన మనకు ఈ పదమూడేళ్లు వింతగా తోచవు. ఆయన 1827లో మన సీమలోని పత్తికొండలోనే కలరాతో పోయాడు.

ఇంకొక దళం ఉంది, దీనితో కలిపేసుకోకూడదు. నిజాం సొంత సైన్యానికి ఇంగ్లీషు అధికారులను పెట్టి రెసిడెంటు హెన్రీ రస్సెల్ తయారుచేసినది రస్సెల్ బ్రిగేడ్. దీనికీ ఖర్చు నిజాందే. అప్పులు పెరిగిపోయి, 1853లో బేరారును కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి దాని పేరు హైదరాబాద్ కంటింజెంట్. 1903లో అది భారత సైన్యంలో కలిసింది. దాని కాల్బలం 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది, 1945లో కుమావూ రెజిమెంట్ అయింది. 1947 నవంబరు 3న కాశ్మీరులో ప్రాణాలిచ్చి మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ గారు ఆ రెజిమెంటు నాలుగో బెటాలియన్ వారే. పేరు హిమాలయాలకు వెళ్లింది, పుట్టుక మాత్రం దక్కనుది.

మన పేరు మారడానికి 128 ఏళ్లు పట్టింది. 1916లో అనంతపురంలో కాలేజీ పెడితే దానికీ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు. అక్కడ తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు 1928లో నంద్యాల సభలో, విజయనగర రాయలు ఏలిన నేల కాబట్టి దీనిని రాయలసీమ అనాలన్నారు. పెనుకొండ కోట కింద పెరిగిన వారికి ఆ పేరు గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. 2022లో మన మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. మావాడు అంతా విని, "అయితే సినిమా వాళ్లకు ఎవరూ చెప్పలేదా తాతా?" అన్నాడు.