మినహాయింపు నుంచి మొదటి వరుసకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో దీర్ఘరోగులు, అంటే షుగర్, బీపీ, ఉబ్బసం వంటి ఏళ్ల తరబడి మందులతో నెట్టుకురావలసిన జబ్బులున్నవారు, 2021లో కోవిడ్ టీకాకు వెనకాడడాన్ని అజ్ఞానం కింద జమకట్టడం తేలిక. కాని ఈ ప్రాంతం చూసిన టీకాల, మాత్రల చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ఆ వెనకడుగులో చాలా పాలు పూర్వపు ఆరోగ్య కార్యక్రమాలే నేర్పిన జాగ్రత్త అని తోస్తుంది.

దేశంలో తొలి మశూచి టీకా 1802లో బొంబాయిలో పడినా, ఆ తరువాత చాలాకాలం నిజాం రాజ్యపు పల్లెల్లో మశూచి అంటే ‘అమ్మ పోయడమే’. గ్రామదేవత పోచమ్మ ఇంట వెలసిందని నమ్మి, తాలింపు మాని, గుమ్మానికి వేపమండలు కట్టి, రోగి మంచం దరికి పరాయివారిని రానివ్వని ఇళ్లకు, చేతిపై గాటు పెట్టి మందు ఎక్కించే ఉద్యోగి రాక అపచారంగానే తోచేది. 1975 తరువాత దేశంలో మశూచి కనబడలేదు గాని, నలిగిన ఒంటిని మరో మందుతో కదిలించరాదన్న పట్టింపు దానితోపాటు పోలేదు.

ఆ పట్టింపుకు వైద్యం వైపు నుంచీ కొంత బలం చేకూరింది. 1948లో మదనపల్లెలో, ఢిల్లీలో మొదలైన బీసీజీ కార్యక్రమంలో, క్షయకు రక్షణగా ఇచ్చే ఆ టీకాకు ముందు చర్మపరీక్ష జరిపి, క్షయ క్రిములు అప్పటికే సోకినట్టు తేలినవారిని పక్కన పెట్టేవారు. 1955లో రాజాజీ వంటి పెద్దమనిషే బీసీజీని బాహాటంగా వ్యతిరేకించారు. బోదకాలు నివారణకు 2004 నుంచి దేశవ్యాప్తంగా సాగిన సామూహిక మాత్రల పంపిణీ ఈ ప్రాంతాలున్న పాత కరీంనగర్ జిల్లాకూ వచ్చింది. రోగం ఉన్నా లేకున్నా ఊరంతా ఏడాదికోసారి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగాలన్నది దాని పద్ధతి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి మాత్రం ఇవ్వకూడదు. వాకిట నిలబడి మాత్రలు పంచే వేళ ‘తీవ్ర జబ్బు’కు హద్దు గీయడం ఎవరితరం? రోజూ గోళీ మింగే షుగర్ మనిషి తానూ ఆ లెక్కలోకే వస్తాననుకోవడంలో వింత లేదు.

ఇలా ఏళ్లపాటు మినహాయింపు విన్నవారినే 2021 మార్చి 1న ముందు వరుసకు పిలిచారు. కోవిడ్ సోకితే దీర్ఘరోగులకు ప్రాణాపాయం ఎక్కువ కనుక, అరవై దాటినవారితోపాటు, 45 నుంచి 59 ఏళ్ల మధ్య వయసులో ఉండి, నిర్దేశించిన 20 రకాల జబ్బుల్లో ఏదైనా ఉన్నవారికీ అవకాశమిచ్చారు. వైద్యపరంగా ఇది సబబైన నిర్ణయమే. అయితే ఈ రెండో కోవవారు పట్టా ఉన్న డాక్టరు సంతకంతో ధ్రువపత్రం తేవలసి వచ్చింది. పల్లెలో నాడి చూసి సూది వేసేదీ, ధైర్యం చెప్పేదీ పట్టా లేని ఆర్‌ఎంపీ. ఆయన మాటకు ఊళ్లో ఎంత విలువ ఉన్నా, ఆ కాగితంపై ఆయన సంతకం చెల్లేది కాదు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ టీకా తెరిచాక ఈ చిక్కు తొలగింది గాని, కూలి చిక్కు మిగిలింది. చాట ఒడిలో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి దారం కట్టే స్త్రీకి వెయ్యి బీడీలకింత అని గిడుతుంది. సిరిసిల్ల మరమగ్గంపై నేసిన బట్టను బట్టే కూలి. టీకా వేసుకున్న చేయి రెండు రోజులు సలిపినా, ఒళ్లు వెచ్చబడినా, ఆ మేరకు రాబడి తెగినట్టే.

జగిత్యాల, కోరుట్ల వైపు మరో ధోరణి కనిపిస్తుంది. గల్ఫ్ కొలువులకు టీకా పత్రం తప్పనిసరి కావడంతో, విదేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారికి కోవిషీల్డ్ రెండో డోసును 28 రోజులకే ఇచ్చేందుకు కేంద్రం 2021 జూన్‌లో వీలు కల్పించింది. వలసపోయే యువకుడికి టీకా వల్ల వచ్చే లాభం పాస్‌పోర్టు పక్కనే కనబడేది. ఇంటిపట్టున ఉండే తల్లికి జ్వరం, కూలి నష్టమే ముందు కనబడేవి. ఇక ధ్రువపత్రం సంగతికొస్తే, ఎవరెవరికి ఏ దీర్ఘరోగం ఉందో ఇంటింటా పరీక్షించి నమోదు చేసే ఆరోగ్య వివరాల సేకరణను రాష్ట్ర ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ఆరంభించింది. ఏడాది ముందే ఆ పట్టిక చేతిలో ఉండి ఉంటే, ధ్రువపత్రం కోసం రోగి పట్నం తిరగవలసిన అవసరం చాలావరకు తప్పేది.