ఇంటిపన్ను తగ్గింపులు – పురపాలక ద్రవ్యము

బాటలు, దీపములు, పారిశుద్ధ్యము మున్నగువాని వ్యయమును పట్టణవాసులే వహింపవలెనను సంకల్పముతో చెన్నరాజధాని ప్రభుత్వము 1865లో పట్టణాభివృద్ధి శాసనమును గావించిన పిమ్మట, 1871, 1884, 1920 సంవత్సరముల శాసనములలో ఇంటిపన్ను పురపాలక సంఘముల ఆదాయమునకు ప్రధానాధారముగా నిలిచినది. వార్షికమైన అద్దెవిలువయే దానికి కొలత. 1920 నాటి శాసనము సడలింపునకును చోటిచ్చినది: అర్ధసంవత్సరములో వరుసగా 30 దినములైనను ఖాళీగా నున్న యింటికి, యజమాని ముందుగా తెలియజేసినచో, కట్టడమునకు సంబంధించిన పన్నులో సగమునకు మించకుండ తగ్గింపు లభించును. అద్దె రాని కాలమునకు పూర్తి పన్ను గోరుట అన్యాయమనియు, ఇల్లు ఖాళీయైనను దాని ముంగిటి బాటకు ఖర్చు తప్పదనియు నెరిగిన వివేకమది.

అట్టి వివేకము చీరాల–పేరాలలో కొఱవడినది. 1919లో ప్రభుత్వము ఆ గ్రామములను కలిపి పురపాలక సంఘముగా మార్చగా, అంతకుముందు యూనియను అను చిన్న స్థానికసంఘపు పాలన నాడు సుమారు రూ. 4,000 ఉండిన పన్ను దాదాపు పదిరెట్లైనది. నేతగాండ్రు, చిన్న రైతులు అధికముగా నున్న ఆ జనుల విన్నపములు వినబడలేదు. పన్ను కట్టనివారిని చెరసాలకంపిరి. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు వచ్చి చెప్పిన మార్గములలో గ్రామత్యాగమును ఎన్నుకొని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున సుమారు 15,000 జనాభాలో అధికభాగము పురపు ఎల్ల దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి 11 నెలలు నివసించిరి. కట్టువారే వెడలిపోయిన ఊరిలో పన్నురేటు ఎంతైన నేమి? తగ్గింపు వలని నష్టమును లెక్కించువారు, తగ్గింపకుండుట వలని నష్టమును గూడ ఇచట లెక్కింపవలెను.

ఏప్రిల్ నెలలోనే సంవత్సరపు పన్నంతయు చెల్లించువారికి తెలుగు రాష్ట్రములలో ఇచ్చు 5 శాతము రాయితీ ఆ దృష్టితో చూచిన లాభసాటియే. జీతములకును చెత్త తరలింపునకును ధనము సంవత్సరారంభముననే చేతికందును, వసూలు శ్రమయు తగ్గును.

యజమాని స్వయముగా నివసించు ఇంటి అద్దెవిలువలో 40 శాతము మినహాయించిన 1990 నాటి ఆంధ్రప్రదేశ్ నియమములను నేనంత సులభముగా మెచ్చజాలను. అద్దెకిచ్చిన యింటికి కట్టడపు వయస్సును బట్టి 10 మొదలు 30 శాతము మాత్రమే లభించెను. నియమము చేసినది రాష్ట్రప్రభుత్వము, లోటు పురపాలక సంఘముది. సంఘము రేటు పెంచి ఆ లోటును పూరించుకొన్నచో, ఆ పెంపు అద్దెలో కలిసి సొంత యిల్లు లేనివానిపై పడును. పెంచకున్నచో మురుగుకాలువల మరమ్మతు ఆగును.