ముక్కకి గుంట



మాది నూజివీడు. మొన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. జిల్లా ఏదైనా మామిడిపళ్ళ వూరంటే చాలు, అందరికీ తెలుస్తుంది. మా తోటలో ముసలి చిన్నరసం చెట్టొకటి గాలివానకి పడిపోయింది. మా మామగారు నాటిన చెట్టు. వంటచెరుక్కి కొట్టించేద్దామన్నారు ఇంట్లోవాళ్ళు. నాకు మనసొప్పలేదు. మాను కోయించి, పలకలు నీడపట్టున ఏడాదిపాటు ఆరబెట్టించి, మా వడ్రంగి మేస్త్రి చేత రెండు పీటలు చేయించాను.

అంతటితో వూరుకుంటే ఈ ప్రసంగమే లేకపోవును. పీట బోసిగా వుంది, నడుమ చింతచేవతో నాలుగురేకుల పువ్వు పొదుగుదామని బుద్ధి పుట్టింది. లేత రంగు మామిడి చెక్కలో నల్లటి చింతచేవ ఎంత ముద్దుగా వుంటుంది! రోజూ ముగ్గులు పెట్టే చేతులకి ఇదో లెక్కా అనుకున్నాను. పెన్సిలుతో పువ్వు గీసి, ఉలితో గుంట తవ్వి, దానికి సరిపడా ముక్క కోశాను. పట్టలేదు. గుంట కాస్త పెంచాను. ఈసారి ముక్క అందులో గిలకలా ఆడింది. ముక్క మార్చాను, గుంట మళ్ళీ పెంచాను. సాయంత్రానికి పువ్వు కాస్తా గుమ్మడికాయంత అయింది.

మేస్త్రి చూసి నవ్వాడు. "గుంటకి ముక్క కాదమ్మా, ముక్కకి గుంట" అన్నాడు. ముందు ముక్క తయారుచేసుకోవాలిట. దాన్ని చెక్కమీద పెట్టి, చుట్టూ చాకుమొనతో గీటు పెట్టాలి. ఉలి ఆ గీటు దాటి బయటికి రాకూడదు. గుంట లోతు ముక్క మందం కన్నా వెంట్రుకవాసి తక్కువే వుండాలి. జిగురు ఆరాక, పైకి లేచివున్నదాన్ని సమంగా అరగదీయాలి.

ఆ మాట విన్నాకే, విశాఖపట్నం పనితనం గురించి నేను చదివినవన్నీ నాకు సరిగ్గా అర్థమయ్యాయి.

అవునండీ, విశాఖపట్నమే. మనకిప్పుడు ఆ వూరంటే ఓడలూ, ఉక్కూ గుర్తొస్తాయి. పద్దెనిమిదో శతాబ్దంలో మాత్రం అక్కడి కుర్చీలూ, బల్లలూ, పెట్టెలూ సముద్రాలు దాటి వెళ్ళేవి. నల్లచేవలోనో ఎర్రచాయ తిరిగిన జిట్రేగి చెక్కలోనో తెల్లటి దంతం ముక్కలు పొదిగేవారు. 1756లో అటు వచ్చిన జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, ఈ వూరు పొదుగు పనికి పేరుపొందిందనీ, ఆ పేరు న్యాయమైనదేననీ రాసుకున్నాడు.

ఒక్కసారి ఆ పనివాళ్ళ సంగతి ఆలోచించండి. కంసాలి కులంవారని చెబుతారు. మన ఇళ్ళల్లో అప్పుడు కుర్చీలెక్కడివి? చాప, పీట, మహా అయితే మంచం. మనం రోజూ అనే అలమారా కూడా పోర్చుగీసు మాటే కదా! కింద కూర్చుని అన్నం తినేవాళ్ళకి కంపెనీ దొరలు తమ దేశపు కుర్చీ చూపించి ఇలాంటిదే కావాలన్నారు. కాళ్ళూ వీపూ అచ్చం ఇంగ్లీషు వాటంలో చేశారు. అంచుల చుట్టూ పాకించిన తీగెలూ పువ్వులూ మాత్రం మన కోస్తా అద్దకం బట్టల మీదివి. చీర అంచుని కుర్చీకి కుట్టినట్టన్నమాట.

దంతం పొదిగి వూరుకోలేదు. దానిమీద సన్నటి ములుకుతో ఆకుల ఈనెలూ పూరేకుల గీతలూ చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. పైపైన తుడిచేస్తే లక్క గీతల్లోనే నిలిచేది. తెల్లకాగితం మీద సిరాబొమ్మలా కనిపించేది. ఒక గీత తప్పితే చెరపడానికి రబ్బరుముక్క లేదు సుమండీ.

కొన్నేళ్ళకి మోజు మారింది. పొదగడం పోయి, మంచిగంధపు చెక్క పెట్టెలకీ కుర్చీలకీ మొత్తంగా దంతపు రేకులు తొడగడం వచ్చింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర అలాంటి సామాను వుండేది. 1781లో అది వేలానికొస్తే మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఇప్పటికీ అవి ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో వున్నాయి. కొన్నవాడి పేరుంది, అమ్మినవాడి పేరుంది. చేసినవాడి పేరు? నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ దంతం కోసం ఎన్ని ఏనుగులు పోయాయో తలచుకుంటే, ఆ పని మళ్ళీ రావాలని మాత్రం నేననను. మనదేశంలో 1986లో మన ఏనుగుదంతం వ్యాపారాన్ని నిషేధించారు. 1989లో అంతర్జాతీయంగానూ నిషేధం ఒప్పుకున్నారు. మంచిదే అయింది. మీ ఇంట్లో తాతలనాటి దంతపు పెట్టె వుంటే నీళ్ళతో కడక్కండి, ఎండలో పెట్టకండి. దంతం పగుళ్ళు తీస్తుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పనితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. మా నూజివీడులోనే వుంది. వీణలు చేసే వూరు కదా మాది! పనసచెక్కతో వీణ మలిచి, అంచుల వెంట అలంకారం పొదుగుతారు. పూర్వం వీణలకి దంతమో జింకకొమ్మో వాడేవారు, ఇప్పుడు ప్లాస్టిక్కు వచ్చింది. ప్లాస్టిక్కని మూతి విరిచేదాన్ని ఇదివరకు. ఇప్పుడు మాత్రం వస్తువు కాదు, సందు చూస్తాను. ముక్కకీ చెక్కకీ మధ్య గీత కనపడకపోతే ఆ చేతికి దణ్ణం పెట్టుకుంటాను.

రెండో పీటమీద పువ్వు మేస్త్రి చెప్పినట్టే చేశాను. మూడు రేకులు బిగువుగా కూర్చున్నాయి. నాలుగోదాని పక్కన మాత్రం కాస్త సందు మిగిలింది. మొన్న మా మనవరాలు ఆ పీటమీద కూర్చోబోతూ అందులో గోరు పెట్టి చూసి, "నాన్నమ్మా, ఇక్కడ చీమ దూరుతుందే!" అంది.