కుర్గాన్ వలయాలు

పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగం వరకు, విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకొని వెలికివచ్చిందంటే శస్త్రవైద్యుని ఆలోచన ముందుగా అవయవ ఖండనం మీదికే పోయేది. గాయం చీముపట్టి, విషం రక్తానికెక్కి రోగి మరణించడం అంత సామాన్యం. 1865 ఆగస్టులో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండిచక్రం కింద కాలు విరిగిన 11 ఏళ్ల బాలునికి కార్బాలిక్ ఆమ్లపు కట్టు కట్టి, ఆరు వారాలకు ఎముక అతికించి పంపడంతో ఆ భయం సడలనారంభించింది. 1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఏఓ అనే శస్త్రవైద్యుల బృందం, ముక్కలను యథాస్థానంలో కూర్చి ప్లేట్లతో, స్క్రూలతో కదలకుండా బిగించే విధానాన్ని శాస్త్రబద్ధం చేసింది. అయినా కండ నలిగి, రక్తప్రసారం తెగి, చీము ఎముక లోతులకు చేరిన చోట, బిగించిన లోహమే క్రిములకు స్థావరమయ్యేది.

ఈ చిక్కుకు మరో మార్గం పశ్చిమ సైబీరియాలో రూపుదిద్దుకొంది. 1944లో వైద్యవిద్య ముగించి కుర్గాన్ ప్రాంతానికి వెళ్లిన గావ్రీల్ ఇలిజరోవ్ పనిచేసినది, ఎముకలు అతకని యుద్ధ క్షతగాత్రులకు కొదవలేని కాలంలో. 1951 నాటికి ఆయన, విరిగిన చోటికి ఎగువన, దిగువన సన్నని ఉక్కు తీగలను ఎముకకు అడ్డంగా దూర్చి, బిగువుగా లాగి, కాలిచుట్టూ అమర్చిన వలయాలకు బంధించి, ఆ వలయాలను మరల కడ్డీలతో కలిపే సాధనాన్ని రూపొందించారు. ఒక రోగి మరను దగ్గరకు బిగించడానికి బదులు ఎడంగా తిప్పగా ఆ ఎడంలో కొత్త ఎముక కనిపించిందన్న వృత్తాంతం ప్రసిద్ధం. అది ఎంతవరకు యథార్థమైనా, రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, నాలుగు విడతలుగా లాగితే సజీవ ధాతువు పెరుగుతుందన్న సూత్రాన్ని స్థాపించినది మాత్రం ఏళ్ల తరబడి సాగిన పరిశీలనే.

మాస్కో వైద్యవర్గాలు చిరకాలం ఆయనను శంకించాయి. అందులో రాజధాని అహంకారం కొంత ఉన్నా, చర్మాన్ని ఛేదించే తీగల వెంట చీము ప్రవేశిస్తుందన్న భయాన్ని నిరాధారమనలేం. 1965లో మోటారుసైకిలు ప్రమాదంలో కాలు నుగ్గయి, అనేక శస్త్రచికిత్సలు విఫలమైన ఒలింపిక్ హైజంప్ విజేత వలేరీ బ్రూమెల్ కుర్గాన్ చికిత్స తర్వాత మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకడం ఆ శంకను కొంత తగ్గించింది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి తన పాత గాయానికి 1980లో అక్కడ స్వస్థత పొందాక, మరుసటి ఏడే ఇలిజరోవ్ బెల్లాజియోలో పాశ్చాత్య వైద్యుల ముందు ప్రసంగించారు.

పద్ధతి సులభమైనది కాదు. తీగల చుట్టూ చీము, కీళ్ల బిగుసుదనం, అప్పుడప్పుడు నరానికి దెబ్బ తప్పవు. 4 సెంటీమీటర్ల వెలితిని పూడ్చడానికి లాగే పనే 40 రోజులు. ఆ లేత ఎముక గట్టిపడే దాకా, రోగి వలయాలతోనే మరికొన్ని నెలలు నడవాలి.